పళ్ళ సెట్టు చేసిన పుండు కాదిది

నా నోట్లో పుండు పళ్ళ సెట్టు గీసుకుని వచ్చిందని మీలో ఎవరైనా విని ఉంటే, అది అబద్ధం. ఆ అబద్ధం మా ఇంట్లోనే పుట్టింది. మా అబ్బాయి మొదలుపెట్టాడు, మా కోడలు ఔనంది, నేను తల ఊపాను. ముగ్గురం కలిసి చేసిన ఆ పని ఎక్కడికి పోయి తగిలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను అయిదో తరగతితో బడి మానేసిన మనిషిని. అక్షరాలు వంకరగా వస్తాయి గాని, జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. కోపం తగ్గాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను. నాలుగు నెలలైనా తగ్గలేదు. అందుకని కోపంతోనే కూర్చున్నాను.

నా పేరు సువార్తమ్మ. మాది చల్లపల్లి దగ్గర కాలవగట్టు ఊరు. మా ఆయన పోయాక విజయవాడలో అబ్బాయి ప్రసాదు దగ్గరికి వచ్చాను. వాడు గవర్నర్‌పేటలో ఒక టోకు మందుల దుకాణంలో మేనేజరు. మా చర్చిలో సంఘపెద్ద కూడా. కోడలు విమల బళ్ళో టీచరు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, జోయెల్. పదహారేళ్ళు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. నెలల పిల్లాడప్పుడు వాణ్ణి చూసుకోవడానికి వచ్చినదాన్ని, అలాగే ఉండిపోయాను. వాడికి లాల పోసింది నేను, గోరుముద్దలు పెట్టింది నేను. ఇంకోటి కూడా నేనే నేర్పాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

జూన్, కాలేజీలు తెరిచిన వారం

కొత్త ఆవకాయ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోగానే అంగిలి భగ్గుమంది. ఈసారి కారం ఎక్కువైందేమో అనుకున్నాను. మర్నాడు పెరుగన్నం కూడా మండింది. అద్దం ముందు నోరు తెరిచి వేలితో తడిమి చూసుకుంటే, పై అంగిట్లో శనగబద్దంత మేర గరుకుగా తగిలింది. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే ముందు వచ్చే మాట ఏమిటో నాకు తెలుసు.

నేను చుట్ట కాల్చేదాన్ని. పద్నాలుగో ఏట మొదలుపెట్టి యాభై ఏళ్ళ పైన కాల్చాను. అదీ మామూలుగా కాదు, అడ్డపొగ. అంటే మండే కొసను నోట్లోకి పెట్టుకుని కాల్చడం. తెలియనివాళ్ళకి నమ్మబుద్ధి కాదు గాని, మా అమ్మా, మా పిన్ని, మాతో నాట్లకి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది అలాగే కాల్చేవాళ్ళు. మడిలో వంగి ఉంటాం, రెండు చేతులూ బురదలో ఉంటాయి, పైన వాన. నిప్పు బయట ఉంటే ఆరిపోతుంది. లోపల ఉంటే ఆరదు, చంకలో పిల్ల ఉంటే దాని మీద రవ్వ పడదు. వెచ్చగా ఉండేది, ఆకలి తెలిసేది కాదు. తప్పని ఎవరూ అనలేదు.

అసలు నాకు పద్నాలుగో ఏడు రాకముందే పొగ రుచి తెలుసు. మా తాత అరుగు మీద కూర్చుని, "సువార్తా, ముట్టించుకురావే" అని చుట్ట చేతికిచ్చేవాడు. పొయ్యిలో కొరివికి ఆనించి ఊరికే పట్టుకుంటే అంటుకోదు, పీల్చాలి. వసారా దాటేలోపు ఆరిపోకుండా ఇంకో రెండుసార్లు పీల్చాలి. మా ఊళ్ళో చుట్ట కాల్చే ముసలాయన ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లల పని అదే. దాన్ని కాల్చడం అనేవాళ్ళు కాదు. ముట్టించుకురావడం అనేవాళ్ళు. మంచినీళ్ళు ముంచుకురావడం లాగా.

ఈ కబుర్లన్నీ మనవడికి నేను నవ్వుతూ చెప్పేదాన్ని. పెదాలు మూసి ముక్కులోంచి పొగ వదిలి చూపిస్తే వాడు చప్పట్లు కొట్టేవాడు. బళ్ళో స్నేహితులతో "మా నాయనమ్మ నిప్పు తింటుంది తెలుసా?" అని చెప్పి వచ్చేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

ఆగస్టు

కోడలు కనిపెట్టేసింది.

"అత్తయ్యా, వారం నుంచీ చూస్తున్నా. కూర ముట్టుకోవట్లేదు, మజ్జిగన్నమే తింటున్నారు. ఏంటి సంగతి?"

"అరుగుదల లేదమ్మా."

"నోరు తెరవండి."

"నేనేమన్నా నీ బళ్ళో పిల్లనా?"

"బళ్ళో పిల్లలైతే చెప్పగానే తెరుస్తారు. తెరవండి ముందు."

సెల్‌ఫోను లైటు వేసి చూసింది. ఫోను ఆపి, బడికి సెలవు చెప్పి, చీర మార్చుకుంది. అప్పుడు నాకు భయం వేసింది.

పళ్ళ డాక్టరు చూసి పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ప్రసాదు ప్రార్థన చేస్తూ మధ్యలో ఆగిపోయేవాడు. జోయెల్ మాత్రం కాలేజీ నుంచి రాగానే నా మంచం మీద కూలబడి, "ఏంటి నాయనమ్మా, నోరు రిపేరంటగా? కొన్నాళ్ళు మాకు తిట్లుండవన్నమాట" అని ఏడిపించేవాడు.

రిపోర్టు వచ్చిన రోజు ముగ్గురం లోపలికి వెళ్ళాం. జోయెల్ కింద స్కూటరు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై ఉంటాయేమో.

"మామ్మగారూ, చుట్ట కాలుస్తారా?"

"ఎప్పుడన్నా ఒకటీ అరా" అన్నాను. చూడండి నా నోరు. లోపల అంత పెట్టుకుని కూడా అబద్ధమే ఆడింది.

ఆవిడ నా ముఖంలోకి చూసి, "నిప్పు బయటికా, లోపలికా?" అంది.

నేను తల దించుకున్నాను. నా కొడుకు కూడా దించుకున్నాడు.

"కాన్సరమ్మా. పెద్దగా పాకలేదు, తీసేయొచ్చు. ఆలస్యం చెయ్యొద్దు."

ప్రసాదు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ, అమ్మకి పళ్ళ సెట్టు ఉందండీ. అది కూడా రాసుకుంటోందండీ. దానివల్ల అయ్యుండొచ్చు కదండీ?"

"ఆ వేడీ, ఆ పొగా యాభై ఏళ్ళు ఒకే చోట తగిలాయండీ. మీరు ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. నేను కాయితంలో రాసేది ఇదే."

మెట్లు దిగుతూ ఉండగానే ప్రసాదు పాస్టరుగారికి ఫోను చేశాడు. "అవునండీ, అదేనండీ. పళ్ళ సెట్టు గీసుకుని గీసుకుని అలా మారిందటండీ. ప్రార్థన చెయ్యండి." నేను పక్కనే ఉన్నాను. విమల నా చెయ్యి పట్టుకుని దించుతోంది. ఇద్దరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం, నోరు మెదపలేదు. సంఘపెద్ద తల్లి చుట్ట కాలుస్తుందనీ, అదీ నిప్పు మింగుతుందనీ తెలిస్తే పరువు పోతుందని వాడి బాధ. వాణ్ణి మాత్రం ఏమనను? బళ్ళో చదివేటప్పుడే వాణ్ణి "చుట్టమ్మ కొడుకు" అని ఏడిపించేవాళ్ళు.

కింద జోయెల్ స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. "ఏమన్నారు?" అన్నాడు. వాళ్ళ నాన్న వాడికీ అదే చెప్పాడు.

"ఆ సెట్టు పెట్టినోణ్ణి తన్నాలి నాన్నా" అన్నాడు వాడు. నిజంగానే కోపం వచ్చింది వాడికి. నా మీద ప్రేమతో వచ్చిన కోపం.

సెప్టెంబరు

ఆపరేషను గురించి ఎక్కువ చెప్పను. పై అంగిట్లో కొంత మేర తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య ఉండాల్సిన గోడ లేదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట్లాడితే మాట ముక్కులో పడి కొట్టుకుపోయేది. ఆ సందు మూయడానికి ఒక పలక చేసి పెడతారు. అది సరిగ్గా అమరడానికి నెలన్నర పట్టింది.

ఇన్నేళ్ళూ కబుర్లతో బతికిన మనిషిని. ఆ నెలన్నరా నేను నోరు తెరిస్తే నర్సులు, "మామ్మగారూ, రాసి చూపించండి" అనేవాళ్ళు. నా రాత నాకే అర్థం కాదు. కొడుక్కి తెలియలేదు, కోడలికి తెలియలేదు. అర్థం చేసుకున్నది జోయెల్ ఒక్కడే. ఎలా అంటే ఏం చెప్పను? చిన్నప్పుడు వాడి ముద్దుమాటలు వాళ్ళమ్మకి తెలియకపోతే నేను విప్పి చెప్పేదాన్ని. వాడు ఆ పని నాకు చేశాడు. నా మంచం అంచున కూర్చుని, నా ముఖం చూస్తూ, "నాయనమ్మ దిండు ఎత్తు పెట్టమంటోంది. ఇడ్లీ వద్దంటోంది. నాన్నా, నువ్వు అన్నం తిన్నావా అంటోంది" అని వరసగా చెప్పేవాడు. ఒకసారి నేను నర్సుని తిడితే, "మీరు చాలా బాగా చూసుకుంటున్నారంటోందండీ" అన్నాడు. కుట్ల నొప్పిలో కూడా నవ్వొచ్చింది.

ఆ పిల్లాడు ఎంత మంచివాడో మీకు తెలియాలని ఇది చెబుతున్నాను. సిగరెట్టంటే చెడ్డ పిల్లలు కాల్చే వస్తువనుకుంటాం మనం.

అక్టోబరు, నవంబరు

తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషను. ముప్పై రోజులు, ఆదివారాలు తప్ప రోజూ. కింద నేలమాళిగలో వరసగా కుర్చీలు. పేరు పిలిచేదాకా కూర్చోవాలి. పది రోజులు గడిచేసరికి నోరంతా కాలి పూసిపోయింది. ఉమ్మి మింగాలన్నా ఏడుపొచ్చేది.

అక్కడే సత్యవతిగారు కలిసింది. వాళ్ళది హనుమాన్ జంక్షన్. భర్త లారీ డ్రైవరు, ఆయనకి గొంతు కాన్సరు. పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు. మొదటి వారం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని తల ఊపుకునేవాళ్ళం. రెండో వారం ఆవిడ స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రాగిజావ వదినగారూ. గుడ్డలో వడకట్టాను. ఉప్పు వెయ్యలేదు, మజ్జిగ కూడా కలపలేదు. ఈయనకి మంట లేకుండా దిగుతోంది. చూడండి."

దిగింది. నాలుగు రోజుల తర్వాత కడుపులోకి వెళ్ళిన మొదటి తిండి అది. అప్పట్నించి రోజూ రెండు డబ్బాలు తెచ్చేది. వద్దంటే వినేది కాదు.

ఒకరోజు ఆవిడ, "మీకెందుకొచ్చింది వదినగారూ?" అని అడిగింది. పక్కన విమల ఉంది. "పళ్ళ సెట్టు గీసుకుని" అంది విమల.

సత్యవతిగారు నిట్టూర్చి, "మా బంధువులకి మేమూ థైరాయిడు గడ్డని చెప్పాం. రోజుకి మూడు పెట్టెలు కాల్చేవాడండీ ఈయన. మా చిన్నాడికి పద్దెనిమిది. వాడికీ థైరాయిడే అని చెప్పాం" అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఒక్కరికైనా పొగవల్ల వచ్చిందో లేదో!" అంది.

ఆ వరస కుర్చీలన్నీ చూశాను. గుడ్డలు కట్టుకున్న గొంతులు, వాచిన దవడలు. అందరికీ గడ్డలే, అందరికీ పళ్ళే. కాల్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడే నాకు కోపం రావాల్సింది. కరెంటు దెబ్బకి ఓపిక లేక రాలేదు.

డిసెంబరు

క్రిస్మస్‌కి పది రోజుల ముందు సంగతి. పలక బాగా అమరింది, మాట తేటపడింది. ఇంటి పని కొంచెం కొంచెం చేస్తున్నాను. ఆ మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి బకెట్టు పట్టుకుని డాబా ఎక్కాను. నీళ్ళ టాంకు అవతల మాటలు వినబడ్డాయి. ముందు వాసన వచ్చింది. ముక్కు సగం చెడినా ఆ వాసన నాకు తెలియకుండా పోతుందా?

"మొన్న బయాలజీ సార్ ఊపిరితిత్తుల బొమ్మ చూపించాడు కదరా. భయం లేదా నీకు?" ఇది వాడి స్నేహితుడు కార్తీక్ గొంతు.

"అది ముసలోళ్ళకి రా. మనం డిగ్రీ అయ్యేలోపు మానేస్తాం. అప్పటికి బాడీ దానంతటదే క్లీన్ చేసుకుంటది." ఇది ఇంకో పిల్లాడు.

"అయినా రోజుకి పెట్టెలు పెట్టెలు కాల్చేవాళ్ళకి గానీ, మనది ముగ్గురికీ కలిపి రెండు సిగరెట్లు. ఇది మింటుది, గొంతుకి చల్లగానే ఉంటది." మళ్ళీ ఆ పిల్లాడే.

"మరి జోయెల్‌గాడి నాయనమ్మకి నోట్లో కాన్సరొచ్చిందిగా?" అన్నాడు కార్తీక్.

అప్పుడు నా మనవడు మాట్లాడాడు. ఆ మాటలు నాకు చచ్చేదాకా గుర్తుంటాయి.

"అది పళ్ళ సెట్టు గీసుకుని వచ్చిందిరా. అసలు మా నాయనమ్మ సంగతి మీకేం తెలుసు? యాభై ఏళ్ళు చుట్ట కాల్చింది. అదీ నిప్పు లోపలికి పెట్టుకుని. ఆపరేషనుకి ముందు తీసిన ఎక్స్‌రే నేనే మోసుకొచ్చా. ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరే చెప్పింది. అంత నిప్పు నోట్లో పెట్టుకుంటేనే ఏం కాలేదు, ఈ పుల్ల మనల్నేం చేస్తది?"

బకెట్టు కింద పెట్టాను. ఆ పిల్లలు పొగ గురించి ఏమీ తెలియనివాళ్ళు కారు. వాళ్ళకి అన్నీ చెప్పారు, బొమ్మలు చూపించారు. కాని ఆ బొమ్మలో ఉన్నది ఎవరో. వాళ్ళ ఇంట్లో మనిషి కాదు. ఇంట్లో మనిషిని చూసి లెక్కగట్టుకున్నారు. వాళ్ళ ధైర్యానికి సాక్ష్యం నేను. ఆ సాక్ష్యాన్ని తయారుచేసింది మా ముగ్గురి అబద్ధం.

తడి తువ్వాలు తీసుకుని టాంకు వెనక్కి వెళ్ళి ఎవరికి తగిలితే వాళ్ళకి బాదాను.

"మామ్మగారూ, మావి కాదండీ! పక్క బ్లాకు వాళ్ళవండీ!" అన్నాడు కార్తీక్ చెయ్యి వెనక దాచుకుని.

"పొగ కూడా పక్క బ్లాకు వాళ్ళ ముక్కులోంచే వస్తోందా వెధవా? పోండి, మీ అమ్మల దగ్గరికి నేను వస్తాను."

ఇద్దరూ మెట్ల మీద దూకుతూ పోయారు. జోయెల్ నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది గాని తల దించలేదు.

"జోయీ, ఎన్నాళ్ళ నుంచి?"

"పెద్ద విషయం కాదు నాయనమ్మా. ఎప్పుడన్నా ఒకటీ అరా."

నా మాటే. డాక్టరమ్మకి నేను చెప్పిన మాటే.

"సిగ్గు లేదూ?"

"నువ్వు కాల్చలేదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకు ఎనిమిదేళ్ళప్పుడు ముట్టించుకురమ్మన్నది ఎవరు? అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు.

దాని చోట చెబుతానన్నది ఇదే. అప్పట్లో నాకు మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయేదాన్ని. బాల్కనీలో కుర్చీలో కూర్చుని, "నాన్నా, ముట్టించుకురా" అని చుట్ట వాడి చేతికిచ్చేదాన్ని. గాసు పొయ్యి ఎలా వెలిగించాలో, ఎంత పీల్చాలో నేనే చూపించాను. మా తాత నాకు చూపించినట్టు. దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కారుస్తూ, ఆరిపోకుండా తెచ్చి ఇచ్చేవాడు. "మొనగాడివిరా" అనేదాన్ని. దాదాపు ఏడాది సాగింది. ఒకరోజు విమల బడి నుంచి ముందుగా వచ్చి చూసింది. ఆ రోజు నాతో ఆడిన మాటలు ఇంకెప్పుడూ ఆడలేదు. ఆ తర్వాత వాడు ముట్టించలేదు, మేమెవరం ఆ ఊసెత్తలేదు. పిల్లాడు మరిచిపోయాడనుకున్నాం.

జనవరి

కాలేజీ గేటు పక్కన బడ్డీకొట్టు ఉంది. పాలకని చెప్పి బయల్దేరి అక్కడికి వెళ్ళాను. తొమ్మిది గంటలప్పుడు. యూనిఫాం పిల్లలు చాక్లెట్లు కొంటున్నట్టే కొనుక్కుపోతున్నారు. అన్నీ విడి సిగరెట్లు. పెట్టె మీద కుళ్ళిన నోటి బొమ్మ వేస్తారు కదా, ఆ పెట్టె కొట్టువాడి దగ్గరే ఉంటుంది. పిల్లల చేతిలోకి ఒట్టి పుల్ల వస్తుంది. మరి ఆ బొమ్మ ఎవరికి చూపించడానికి వేసినట్టు?

"ఏం బాబూ, మీసాలు రాని పిల్లలకి ఇస్తున్నావే?"

"వాళ్ళకి కాదండీ మామ్మగారూ. నాన్నకనీ బాబాయికనీ తీసుకెళ్తారండీ."

"పొద్దున్నే తొమ్మిదింటికి అందరి నాన్నలూ కాలేజీలోనే ఉన్నారా?"

కొట్టువాడు నవ్వాడు. నేను నోట్లోంచి పలక తీసి చేతిలో పెట్టుకుని, నోరు తెరిచి వాడికి చూపించాను. నవ్వు ఆగిపోయింది. కొనడానికి వచ్చిన ఒక పిల్లాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఒక్కడే. వాడి వెనక ఉన్నవాడు కొనుక్కునే వెళ్ళాడు.

ఆ సాయంత్రం కొడుకునీ కోడల్నీ కూర్చోబెట్టి డాబా మీద విన్నదంతా చెప్పాను. నేను బాగుపడినందుకు ఫిబ్రవరిలో మా అపార్టుమెంటు కింద కృతజ్ఞతా కూడిక పెట్టుకుందామని అప్పటికే అనుకున్నాం. మాలో అది ఉంది. జబ్బు తగ్గినవాళ్ళు పదిమంది ముందు లేచి, ఏం జరిగిందో సాక్ష్యం చెప్పాలి.

"వాడి సంగతి నేను చూసుకుంటానమ్మా. బెల్టు తీస్తాను. కూడికలో మాత్రం నువ్వు ఎక్కువ మాట్లాడకు" అన్నాడు ప్రసాదు.

"బెల్టు నాకు కూడా తియ్యి. నీకూ తీసుకో. దేవుడికి కృతజ్ఞత చెప్పడానికి లేచి దొంగసాక్ష్యం చెప్పమంటావా?"

"అది కాదమ్మా, యూత్ వాళ్ళంతా ఉంటారు..."

"అందుకే."

"చెప్పనివ్వండి" అంది విమల. "ఆ రోజు చూసి కూడా నేను అత్తయ్యతో పోట్లాడానే గాని, పిల్లాడితో ఒక్క మాట మాట్లాడలేదు. క్లాసులో అరవైమందికి చెబుతాను. ఇంట్లో ఒక్కడికి చెప్పలేకపోయాను." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి, కూడిక రోజు

స్కూటర్లు పక్కకి తీయించి కుర్చీలు వేశారు. సంఘంలో చాలామంది వచ్చారు. వెనక వరసలో యూత్ పిల్లలు, వాళ్ళలో జోయెల్. కార్తీక్ మా చర్చి కాకపోయినా బిర్యానీ ఉందని వచ్చాడు. పాట అయ్యాక పాస్టరుగారు నన్ను పిలిచారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. పళ్ళ సెట్టు కాదన్నాను. చుట్ట అన్నాను, అడ్డపొగ అన్నాను. నా కొడుకు ముందు వరసలో నేల చూస్తున్నాడు. పెద్దవాళ్ళు కొందరు ముఖాలు చూసుకున్నారు. వెనక పిల్లలు మర్యాదగా వింటున్నారు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండింది. బయాలజీ పాఠం కూడా అలాగే విని ఉంటారు. ముసలావిడ, పల్లెటూరి చుట్ట, మనకేం సంబంధం అన్నట్టు.

అప్పుడు పలక తీసి రుమాల్లో పెట్టాను. పలక లేకుండా రెండు మాటలు చెప్పాను.

ఎవరికీ అర్థం కాలేదు. ముక్కులోంచి వచ్చే ఆ చప్పుడుకి ముందు వరసలో ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక పిల్లలు మొదటిసారి నిటారుగా కూర్చున్నారు. పాస్టరుగారు వంగి, "ఏమన్నారమ్మా?" అన్నారు. నేను జోయెల్ వైపు వేలు చూపించాను.

వాడు లేచాడు. అక్కడున్నవాళ్ళందరిలో ఆ భాష వచ్చినవాడు వాడొక్కడే.

"నాయనమ్మ ఏమంటోందంటే..." అని ఆగాడు. "ఎనిమిదేళ్ళప్పుడు నా నోట్లో చుట్ట పెట్టింది తనేనంటోంది. క్షమించమంటోంది."

వాడింకా నిలబడే ఉన్నాడు.

"ఇంకో మాట అన్నారు కదా బాబూ, అదేంటి?" అన్నారు పాస్టరుగారు.

నేనన్న రెండో మాట ఇది: "నువ్వింకా కాలుస్తున్నావా?"

వాడు నా కళ్ళలోకి చూశాడు. "అది అర్థం కాలేదండీ" అని కూర్చున్నాడు.

ఇప్పుడు

నాలుగు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు కాలేజీ నుంచి వచ్చి, పాత అలవాటుగా నా మంచం మీద కూలబడ్డాడు.

"అందరి ముందూ పరువు తీశావు నాయనమ్మా."

"నాది పోయిందిగా ముందు."

కాసేపు దుప్పటి అంచు మెలిపెట్టాడు. "ఆ రోజు రెండోది కూడా నాకు అర్థమైంది."

"తెలుసు."

"మానేస్తాలే."

"డాక్టరమ్మకి నేను ఒకటీ అరా అన్నాను. నువ్వు నాతో అదే అన్నావు. మనింట్లో నోటిమాట నేను నమ్మనురా."

"మరి ఏం చెయ్యమంటావు?"

ఏం చెయ్యమనాలో నాకూ తెలియదు. బెల్టు వల్ల కాదు, బొమ్మ వల్ల కాదు. వాడికి పదహారేళ్ళు. వాడి లెక్కలో ముసలితనం అనేది ఎవరికో జరిగే పని. నేను పద్నాలుగో ఏట మడిలో నిలబడి అలాగే అనుకున్నాను. అందుకని ఒక్కటే పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం వాడు రాగానే నేను పలక తీస్తాను. తీసి, ఆ ముక్కు గొంతుతోనే, ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాను. ఇంట్లో ఎవరున్నా అడుగుతాను. లేదని చెప్పగలిగితే కళ్ళలోకి చూసి లేదంటాడు. అలా కళ్ళలోకి చూస్తూ నాతో అబద్ధం చెప్పడం వాడికి రాదు, అది నా అదృష్టం. చెప్పలేని రోజున, "ఏమన్నావు నాయనమ్మా? అర్థం కాలేదు" అని తప్పుకుంటాడు.

ఆపరేషను మంచం మీద, నోటినిండా దూది ఉన్నప్పుడే నా ప్రతి మాటా విప్పి చెప్పినవాడు వాడు. అర్థం కాకపోవడం ఏమీ ఉండదు.

మొదట్లో వారానికి నాలుగైదు రోజులు అర్థమయ్యేది కాదు. తర్వాత రెండు రోజులు. ఈ మధ్య వరసగా తొమ్మిది రోజులు అర్థమైంది. తొమ్మిదో రోజున వాళ్ళమ్మ వాడికి సేమ్యా పాయసం చేసింది, ఎందుకో చెప్పకుండా.

నిన్న అర్థం కాలేదన్నాడు.

ఇప్పుడు అయిదున్నర అవుతోంది. కింద స్కూటరు ఆగిన చప్పుడైంది. పలక తీసి నీళ్ళ గిన్నెలో వేశాను.